సిమెంటు పొగను దాచే చోటికి డబ్బివ్వండి: వాతావరణ నిధుల పెద్దలకు బహిరంగ లేఖ

గ్రీన్ క్లైమేట్ ఫండ్ బోర్డు సభ్యులకు, ప్రపంచ బ్యాంకులోనూ ప్రాంతీయ అభివృద్ధి బ్యాంకుల్లోనూ వాతావరణ నిధులు చూసే అధికారులకు, ఆ నిధులకు డబ్బు సమకూర్చే దేశాల మంత్రులకు,

నమస్కారం.

సూటిగా విషయానికి వస్తాను. ఫ్యాక్టరీ పొగలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను విడదీసి భూమి లోపల శాశ్వతంగా దాచే పని ఉంది కదా, కార్బన్ క్యాప్చర్ అండ్ స్టోరేజ్, సీసీఎస్ అంటున్నారు. వర్ధమాన దేశాల్లో అది ఎలా చేయాలో పదిహేనేళ్లకు పైగా మీరు నివేదికలు రాయిస్తున్నారు, వర్క్‌షాపులు పెడుతున్నారు, రోడ్‌మ్యాపులు గీయిస్తున్నారు. ప్రపంచ బ్యాంకు దీనికోసం 2009లోనే ఒక ట్రస్ట్ ఫండ్ పెట్టింది, ఆసియా అభివృద్ధి బ్యాంకు కూడా అదే కాలంలో ఒకటి పెట్టింది. చాలు. ఇక బావులు తవ్వడానికి డబ్బివ్వండి, అదీ అప్పుగా వద్దు, గ్రాంటుగా ఇవ్వండి. నేను అడిగేది ఇంతే, ఎందుకు అడుగుతున్నానో కింద రాస్తున్నాను.

సీసీఎస్ అనగానే చాలామందికి బొగ్గు కరెంటు ప్లాంటు గుర్తొస్తుంది, వెంటనే కోపం కూడా వస్తుంది. ఆ కోపంలో న్యాయం ఉంది, దాని గురించి తర్వాత మాట్లాడతాను. ముందు సిమెంటు సంగతి చూడండి. సున్నపురాయిని కిల్న్‌లో, అంటే పెద్ద బట్టీలో, వేసి 1,450 డిగ్రీల దాకా కాలిస్తే క్లింకర్ తయారవుతుంది, పొడి చేస్తే సిమెంటయ్యే ముడిసరుకు అదే. అంత వేడికి చేరకముందే, 900 డిగ్రీల దగ్గరే, ఆ రాయి విడిపోయి తనలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను వదిలేస్తుంది. సిమెంటు ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చే మొత్తం కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 60 శాతం ఇలా రాయిలోంచి వచ్చేదే. కిల్న్‌ని సోలార్ కరెంటుతో వేడి చేసినా, హైడ్రోజన్‌తో వేడి చేసినా ఆ 60 శాతం అలాగే వస్తుంది, ఎందుకంటే అది ఇంధనం తప్పు కాదు, రాయి స్వభావం. ఫ్లైయాష్ (బొగ్గు బూడిద), స్లాగ్ (ఉక్కు ఫ్యాక్టరీ చిట్టెం), కాల్చిన బంకమట్టి కలిపి క్లింకర్ వాడకం తగ్గించొచ్చు, తగ్గించాలి కూడా, నిజానికి అన్నిటికంటే ముందు చేయాల్సిన చవకైన పని అదే. కానీ ఎంత తగ్గించినా క్లింకర్ సున్నాకి రాదు. ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో సిమెంటు వాటా 7 నుంచి 8 శాతం.

ఆ సిమెంటు ఎక్కడ ఖర్చవుతుందో కూడా చూడండి. ఇప్పటికే దాదాపు సగం చైనాలో తయారవుతోంది, రెండో స్థానం ఇండియాది. ఇకముందు పెరిగేది ఆఫ్రికాలో, దక్షిణాసియాలో, ఆగ్నేయాసియాలో, అంటే ఇళ్లు, ఆస్పత్రులు, వంతెనలు, డ్రైనేజీలు ఇంకా కట్టుకోవాల్సిన చోట. మీ దేశాలు తమ కాంక్రీటును గత శతాబ్దంలోనే పోసేసుకున్నాయి, దానికి అప్పట్లో ఎవరూ లెక్క అడగలేదు. ఇప్పుడు కట్టుకునేవాళ్లని కట్టొద్దని చెప్పలేరు, కార్బన్ లేకుండా కట్టండి అని ఊరికే చెప్పినా లాభం లేదు, ఆ దారికి అయ్యే ఖర్చు మాట కూడా ఎత్తాలి.

సిమెంటు ఫ్యాక్టరీలో ఇది సాధ్యమేనా అని ఇంకా ఎవరైనా అడిగితే 2025లో నార్వేలోని బ్రెవిక్‌లో మొదలైన ప్లాంటును చూపించండి. ఏటా 4 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను అక్కడ పొగలోంచి పట్టి, ద్రవంగా మార్చి, ఓడలో తీసుకెళ్లి, ఉత్తర సముద్రం అడుగున ఉన్న రాతి పొరల్లోకి పంపే ఏర్పాటు చేశారు. బాగుంది, సంతోషం. ఇప్పుడు ఆ ఒక్క ఫ్యాక్టరీ వెనకాల ఏమేమి ఉన్నాయో లెక్కపెట్టండి. ఖర్చులో ఎక్కువ భాగం నార్వే ప్రభుత్వమే భరించింది. సముద్రం మీది చమురు, గ్యాస్ కంపెనీల ఉద్గారాలపై 1991 నుంచే అక్కడ పన్ను ఉంది. ఆ పన్ను పుణ్యమా అని 1996లో స్లైప్‌నర్ గ్యాస్ క్షేత్రంలో, అమ్మే గ్యాస్‌లోంచి తీసేసిన కార్బన్ డయాక్సైడ్‌ను గాలిలోకి వదలకుండా సముద్రగర్భం కింద ఉన్న ఉప్పునీటి ఇసుకరాతి పొరలోకి పంపడం మొదలుపెట్టారు, ఏటా దాదాపు 10 లక్షల టన్నులు. అప్పటినుంచి ఆ వాయువు రాతిలో ఎటు పాకుతోందో సీస్మిక్ సర్వేలు చేసి, అంటే నేలలోకి ధ్వని తరంగాలు పంపి, బొమ్మలు తీస్తూనే ఉన్నారు. అంటే బ్రెవిక్‌లో పొగ పట్టే యంత్రం బిగించడానికి దాదాపు ముప్పై ఏళ్ల ముందే దాచే చోటు గురించి వాళ్లకు తెలుసు. చట్టం ఉంది, డేటా ఉంది, దాని మీద కూర్చుని పనిచేసే ఇంజనీర్లు ఉన్నారు.

వర్ధమాన దేశాల విషయంలో మీ నిధులు ఎక్కువగా ఈ వరసను తిరగేశాయి. పట్టే టెక్నాలజీ మీద అధ్యయనాలు, పట్టే యంత్రాల మీద పైలట్ ప్రాజెక్టులు, పొగలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకునే ద్రావకాల మీద శిక్షణ. పట్టిన తర్వాత ఎక్కడ పెట్టాలి? ఆ ప్రశ్న వచ్చేసరికి ఒక అట్లాస్ చేతిలో పెడతారు, ఈ దేశం కింద ఇన్ని వందల కోట్ల టన్నులు పట్టొచ్చునని అంచనా అంటారు. గొయ్యి తవ్వకుండా మరుగుదొడ్డి కట్టినట్టుంది ఈ వ్యవహారం. అట్లాస్‌లో అంకె చూసి ఏ బ్యాంకూ సిమెంటు ఫ్యాక్టరీకి లోన్ ఇవ్వదు.

రాతి పొర పనికొస్తుందో లేదో తెలియాలంటే అక్కడికి వెళ్లి చూడాల్సిందే. సుమారు 800 మీటర్ల లోతు దాటితే ఒత్తిడి వల్ల కార్బన్ డయాక్సైడ్ చిక్కబడి తక్కువ చోటులో ఎక్కువ పడుతుంది (31 డిగ్రీలు, వాతావరణ పీడనానికి 73 రెట్లు దాటితే అది గ్యాసూ కాదు ద్రవమూ కాదు అన్న స్థితికి వస్తుంది). అంత లోతులో సన్నని రంధ్రాలున్న రాయి ఉండాలి, దానిమీద గాలి చొరని రాయి మూతలా పరుచుకుని ఉండాలి, పాత బావులు ఆ మూతకు చిల్లులు పెట్టి ఉండకూడదు, భూకంపాల పగుళ్లు చూసుకోవాలి. దీనికి సీస్మిక్ సర్వే కావాలి, పరీక్షా బావి తవ్వాలి, రాతి ముక్కను బయటికి తీసి ల్యాబ్‌లో చూడాలి, కొంత వాయువును పంపి ఒత్తిడి ఎలా మారుతుందో కొలవాలి. ఏళ్లు పట్టే పని. అన్నీ చేశాక ఇక్కడ కుదరదని తేలొచ్చు.

చమురు కంపెనీ పది బావులు తవ్వితే ఎనిమిది ఖాళీగా పోయినా మిగతా రెండిట్లో దొరికే చమురు ఆ ఖర్చంతా లాగేస్తుంది, అందుకే వాళ్లు ధైర్యంగా తవ్వుతారు. ఇక్కడ మంచి బావి దొరికినా దాన్నుంచి అమ్ముకోవడానికి ఏమీ రాదు, పైగా పొగ తెచ్చి పోయాలి. కాబట్టి ప్రైవేటు డబ్బు మొదటి బావికి రాదు, వస్తుందని మీ ప్రెజెంటేషన్లలో రాసుకోవడం ఆపండి. ఆ మొదటి డబ్బు పోయినా పర్వాలేదనుకునే చోటునుంచే రావాలి, అంటే గ్రాంటు నుంచి. అందులో తేలిన డేటా అందరికీ బహిరంగంగా ఉండాలి, ఒక కంపెనీ బీరువాలో కాదు. ఒక్క అనువైన చోటు రుజువైతే చుట్టుపక్కల ఉన్న సిమెంటు, ఉక్కు, ఎరువుల ఫ్యాక్టరీలన్నిటికీ లెక్క మారుతుంది.

ఖర్చు దాచడం నా ఉద్దేశం కాదు. ఎరువులకు వాడే అమోనియా తయారీలో కార్బన్ డయాక్సైడ్‌ను ఎలాగూ విడదీయాల్సిందే, దాదాపు శుద్ధంగా బయటికొస్తుంది, అందుకని అక్కడ పట్టడానికి అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా ప్రకారం టన్నుకు 25 నుంచి 35 డాలర్లు సరిపోతుంది. సిమెంటు దగ్గర అదే 60 నుంచి 120 డాలర్లు. టన్ను సిమెంటుకు సుమారు 0.6 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి, మోసుకెళ్లి పాతిపెట్టే ఖర్చు కలపకుండానే టన్ను సిమెంటు మీద 36 నుంచి 72 డాలర్ల భారం పడుతుంది. ఇల్లు కట్టుకునే పేదవాడి నెత్తిన దాన్ని రుద్దలేం. అమెరికా అయితే పాతిపెట్టిన ప్రతి టన్నుకు 85 డాలర్ల పన్ను రాయితీ ఇస్తోంది. బ్రిటన్ 2015లో సీసీఎస్ ప్రాజెక్టులకు పెట్టిన వంద కోట్ల పౌండ్ల పోటీని ఉన్నట్టుండి రద్దు చేసి అందరి చేతా తిట్లు తిని, 2024లో మళ్లీ వచ్చి పాతికేళ్లలో 2,170 కోట్ల పౌండ్లు పెడతామంది. ధనిక దేశాలకే ప్రభుత్వ డబ్బు లేకుండా కదలని పని, వడ్డీ రేట్లు వాళ్లకంటే ఎంతో ఎక్కువున్న దేశాల్లో మార్కెట్టే చూసుకుంటుందనడం ఎలా కుదురుతుంది?

వర్ధమాన దేశాలకు ఇది కొత్త అన్నట్టు మీ నివేదికల్లో ఒక ధోరణి కనిపిస్తుంది, అది నాకు చిరాకు. అల్జీరియాలోని ఇన్ సలాహ్‌లో 2004లోనే మొదలైంది. సహజ వాయువులోంచి తీసిన కార్బన్ డయాక్సైడ్‌ను దాదాపు 1.9 కిలోమీటర్ల లోతుకు పంపారు, మొత్తం 38 లక్షల టన్నుల దాకా. ఉపగ్రహాలతో నేల ఎత్తును కొలిచారు, పైనున్న ఎడారి నేల మిల్లీమీటర్ల లెక్కన ఉబ్బడం కనిపించింది. పాత బావి ఒకదాంట్లోంచి కొంత గ్యాస్ పైకి వస్తే దాన్ని మూసేశారు. చివరికి పైన మూతలా ఉన్న రాయి మీద ఒత్తిడి గురించి అనుమానం వచ్చి 2011లో పంపడం ఆపేశారు. దీన్ని వైఫల్యం అని కొందరు చూపిస్తారు. నేనైతే గమనిస్తూ ఉన్నారు కాబట్టి సమయానికి ఆపగలిగారు అంటాను. ఆ గమనింపు ఖర్చులో ఎక్కువ భాగం భాగస్వామ్య కంపెనీలే పెట్టుకున్నాయి, కార్బన్ క్రెడిట్ (తగ్గించిన ఉద్గారాలకు ఇచ్చే, అమ్ముకోగల పత్రం) ఒక్కటి కూడా రాలేదు.

ఎందుకు రాలేదో మీకు తెలుసు, అయినా గుర్తుచేస్తాను. 1997 నాటి క్యోటో వాతావరణ ఒప్పందం కింద వర్ధమాన దేశాల ప్రాజెక్టులకు క్రెడిట్లిచ్చే సీడీఎం అనే ఏర్పాటు ఉండేది. అందులో సీసీఎస్‌ను చేర్చాలా వద్దా అని ఏళ్ల తరబడి వాదించుకున్నారు. 2010లో కాన్‌కూన్‌లో సూత్రప్రాయంగా సరే అన్నారు, 2011లో డర్బన్‌లో నియమాలు రాశారు. మంచి నియమాలే. క్రెడిట్లివ్వడం ఆగిపోయాక కనీసం ఇరవై ఏళ్లు కనిపెట్టి ఉండాలన్నారు, లీకైతే పూడ్చడానికి 5 శాతం క్రెడిట్లు పక్కన పెట్టాలన్నారు. తీరా అవన్నీ సిద్ధమయ్యేసరికి, 2012 చివరికి, ఆ క్రెడిట్ ధర ఒక యూరో కంటే కిందికి పడిపోయింది. ఆ నియమాల కింద ఒక్క సీసీఎస్ ప్రాజెక్టు కూడా నమోదు కాలేదు. అంత పకడ్బందీగా రాసిన కాగితం మీద పైసా పుట్టలేదు! పారిస్ ఒప్పందం ఆరో ఆర్టికల్ కింద ఇప్పుడు మళ్లీ కొత్త మార్కెట్ తెరుస్తున్నారు, దాన్నే నమ్ముకోమంటారేమో, అందుకే ముందుగా చెబుతున్నాను, మార్కెట్ ధర మీద వేలాడే డబ్బుతో మొదటి బావులు పడవు.

ఇప్పుడు బొగ్గు. మీ గ్రాంటు డబ్బు బొగ్గు కరెంటు ప్లాంట్లకు పోకూడదు, కొత్తవాటికైతే అసలు వద్దు. అమెరికాలో మిసిసిపీలోని కెంపర్ బొగ్గు ప్లాంటు ఖర్చు 700 కోట్ల డాలర్లు దాటాక 2017లో బొగ్గు ఆలోచనే వదిలేసి గ్యాస్‌తో నడిపారు. టెక్సాస్‌లో బొగ్గు ప్లాంటు పొగను పట్టే పెట్రా నోవా 2017లో మొదలై 2020లో చమురు ధర పడిపోగానే మూతపడింది, 2023లో గానీ మళ్లీ తెరవలేదు, ఎందుకంటే అది పట్టిన వాయువు వెళ్లేది పాత చమురు బావుల్లోంచి ఇంకాస్త చమురు తోడటానికి. ద్రావకాన్ని మళ్లీ మళ్లీ వేడి చేయాలి, వాయువును నొక్కాలి, ఇదంతా మామూలుగా బొగ్గు ప్లాంటు తయారుచేసే శక్తిలోంచే లాగాలి. కరెంటుకు సోలార్, గాలి, బ్యాటరీలు ఉన్నప్పుడు ఇన్ని తిప్పలు ఎవరి కోసం? ఇప్పటిదాకా ప్రపంచంలో పట్టిన కార్బన్ డయాక్సైడ్‌లో ఎక్కువ భాగం చమురు తోడటానికే వాడారన్నది కూడా నిజం, దానికీ మీ డబ్బు వద్దు. ఆసియాలో వయసులో చిన్నవైన బొగ్గు ప్లాంట్లు చాలా ఉన్నాయి, వాటినేం చేయాలన్నది వేరే చర్చ, దాన్ని ఈ పద్దులో కలిపితే సిమెంటు వాటా కూడా అవే మింగేస్తాయి.

పర్యావరణ ఉద్యమ మిత్రులు ఇక్కడ ఒక మాట అడుగుతారు, ఆ డబ్బు సోలార్‌కే ఇవ్వొచ్చు కదా అని. సోలార్‌కి ఇప్పుడు ప్రైవేటు డబ్బు దానంతట అది వస్తోంది, కొన్ని దేశాల్లో వడ్డీ భారం అడ్డొస్తోంది నిజమే, దానికీ మీరు సాయం చేయాలి. కానీ ఎన్ని ప్యానెళ్లు పెట్టినా సున్నపురాయి నుంచి వచ్చేది ఆగదు. ప్రపంచం మొత్తం మీద ఏటా పట్టగల సామర్థ్యం ఇప్పటికి 5 కోట్ల టన్నుల దగ్గర ఉంది, ఇంధనం వల్ల వచ్చే ఉద్గారాలేమో 3,700 కోట్ల టన్నులకు పైమాటే. ఇంత చిన్నదాన్ని అన్నిటికీ మందు అనేవాళ్లని నమ్మకండి, అలాగని వేరే మందు లేని జబ్బుకి కూడా దీన్ని వద్దనకండి.

ప్రమాదం గురించి జనానికి నిజం చెప్పండి. కార్బన్ డయాక్సైడ్ గాలికంటే బరువైనది, ఒక్కసారిగా ఎక్కువ మొత్తంలో బయటపడితే పల్లంలో నిలిచి ఊపిరాడకుండా చేస్తుంది. 1986లో కామెరూన్‌లో న్యోస్ సరస్సు అడుగున సహజంగా పేరుకున్న వాయువు ఒక రాత్రి బయటికొచ్చి 1,700 మందికి పైగా చనిపోయారు. అది మనుషులు పాతిపెట్టింది కాదు, రాతి పొరల్లో దాచడం వేరే పద్ధతి, అయినా ఆ వాయువు ఏం చేయగలదో ఆ దేశ ప్రజలకు మీరు పాఠం చెప్పక్కర్లేదు. 2020లో మిసిసిపీలోని సటార్షియా దగ్గర పైప్‌లైన్ పగిలి 45 మంది ఆస్పత్రి పాలయ్యారు. బాగా ఎంచుకుని బాగా నడిపిన చోట వెయ్యేళ్లకు కూడా 99 శాతం పైగా లోపలే ఉండే అవకాశం ఎక్కువని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ 2005లోనే చెప్పింది. అందులో అసలు షరతు ఆ బాగా ఎంచుకుని, బాగా నడిపి అన్న ముక్కల్లోనే ఉంది. అందుకని డబ్బులో ఒక వాటా నియంత్రణ సంస్థకు పోవాలి. బావి అనుమతి కాగితం చదివి తిరస్కరించగల జియాలజిస్టులకు జీతాలు, కొలిచే పరికరాలు, పైప్‌లైన్ దారిలో ఉన్న ఊళ్లలో సైరన్లు, వాళ్ల భాషలో సమాచారం. ఇవి ఫొటోలకు బాగుండవు, రిబ్బన్ కత్తిరించడానికి పనికిరావు, అందుకే ప్రాజెక్టు బడ్జెట్‌లో మొదట కోతపడేది వీటికే.

ఇంకో చిక్కు బాధ్యతది. పూడ్చిన తర్వాత కంపెనీ ఉంటుందో పోతుందో తెలియదు, చివరికి అది ప్రభుత్వం మీదే పడుతుంది. యూరప్ చట్టంలో కూడా కనీసం ఇరవై ఏళ్ల గడువు తర్వాత బాధ్యత ప్రభుత్వానికి బదిలీ చేసుకునే ఏర్పాటు ఉంది. ధనిక ప్రభుత్వం దాన్ని మోయగలదు. అప్పులతో సతమతమయ్యే ఆర్థిక మంత్రి వందేళ్ల పూచీ మీద సంతకం పెట్టమంటే పెట్టడు, పెట్టకపోవడమే తెలివైన పని. కాబట్టి దేశాలన్నీ కలిసి నడిపే ఒక ఉమ్మడి హామీ నిధి కావాలి, మీరు దాన్ని మొదలుపెట్టగలరు.

యూరప్ మంత్రులకు ప్రత్యేకంగా ఒక మాట. దిగుమతి సరుకుల తయారీలో వెలువడిన కార్బన్‌పై మీరు వేసే సరిహద్దు పన్ను, సీబ్యామ్, 2026 జనవరి నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. దాని కిందికొచ్చేవాటిలో సిమెంటు, ఉక్కు, ఎరువులు ఉన్నాయి, అచ్చంగా నేను మాట్లాడుతున్న పరిశ్రమలే. వాటి ఉద్గారాలు తగ్గించుకోమని పన్ను వేస్తారు, తగ్గించుకునే దారికి కావాల్సిన రాతి పరీక్షకు మాత్రం అప్పు తీసుకోమంటారు, వసూలైన డబ్బేమో మీ ఖజానాకు చేరుతుంది. ఆ వసూళ్లలో ఒక నిర్ణీత వాటా ఆయా దేశాలకు తిరిగి వెళ్లేలా చట్టంలో రాయండి.

ఒక హెచ్చరిక కూడా. సాయం పేరుతో మీ పొగను తెచ్చి వాళ్ల నేలలో పాతిపెట్టే బేరాలు అప్పుడే మొదలయ్యాయి. జపాన్ తన కార్బన్ డయాక్సైడ్‌ను మలేసియాకు, ఇండోనేసియాకు పంపే ఆలోచనలో ఉంది. ఇండోనేసియా 2024లో తెచ్చిన నిబంధనల్లో విదేశీ కార్బన్‌కు 30 శాతం మించి చోటు ఇవ్వనంది, మిగతాది తన పరిశ్రమలకే అంది. మీ గ్రాంటుతో రుజువైన ప్రతి చోటికీ ఇలాంటి పరిమితి షరతుగా ఉండాలి.

ఏ రాయి ఎక్కడ పనికొస్తుందో కూడా అక్కడి జియాలజిస్టులనే తేల్చనివ్వండి. ఐస్‌లాండ్‌లో కార్బ్‌ఫిక్స్ అనే సంస్థ వాళ్లు నల్లటి బసాల్ట్ రాతిలోకి పంపిన వాయువు రెండేళ్లలోపే 95 శాతం రాయిగా మారిపోయింది, అద్భుతమే. కానీ ఒక్క టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు దాదాపు 25 టన్నుల నీళ్లు వాడారు. దక్కన్ పీఠభూమిలో, తూర్పు ఆఫ్రికాలో బసాల్ట్ కొల్లలుగా ఉంది, చాలాచోట్ల నీళ్లకే కరువు. నీళ్లలో కలపకుండా నేరుగా పంపే పద్ధతిని అమెరికాలోని వాలూలాలో 2013లో వెయ్యి టన్నుల లోపు మోతాదులో పరీక్షించారు. అలాంటి పరీక్ష ఈ రెండు చోట్లా పెద్ద ఎత్తున జరగాలి.

కాబట్టి రాబోయే నిధుల విడతలో రాతి పరీక్షకు, నియంత్రణ సంస్థలకు, హామీ నిధికి కలిపి ఒక ప్రత్యేక గ్రాంటు పద్దు పెట్టండి. అందులో సిమెంటు, ఎరువులు, ఉక్కుకు తప్ప దేనికీ చోటు ఇవ్వకండి. మీ దగ్గర ఇప్పుడున్న ఏ ఖాతాలోంచి ఇది చేయొచ్చో, కుదరకపోతే కొత్త ఖాతా కోసం బోర్డు ముందు ప్రతిపాదన ఎవరు పెడతారో, ఏ సమావేశంలో పెడతారో రాతపూర్వకంగా జవాబివ్వండి.

ఇట్లు,
ఒక పౌరుడు